బాపు పంచిన వైఫై

కంపెనీలో నా పని నెట్‌వర్క్ చూసుకోవడం. గచ్చిబౌలిలో ఒక అద్దాల మేడలో కూర్చుని, ఎక్కడెక్కడో ఉన్న దేశాల్లో ఎవరి లైను తడబడినా ఇక్కడి నుంచే సరిచేసేవాణ్ణి. ఐటీ వాళ్లకు పిల్లనివ్వడానికి జనం క్యూ కట్టిన రోజులవి కాబట్టి నా గురించి నాకు చాలా మంచి అభిప్రాయం ఉండేది. సాయంత్రం మొయినాబాద్ దాటి, చేవెళ్ల రోడ్డు దిగి, లోపలికి ఉన్న మా ఊరు చేరేసరికి మా ఇంటి టీవీలో సీరియల్ కోడలు నోరు తెరిచి ఆగిపోయి ఉండేది. ఆ నోటి మీద ఒక చక్రం గుండ్రంగా తిరుగుతూ ఉండేది. దాని ఎదురుగా మా అమ్మ కూర్చుని ఉండేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి, ఇంటికొచ్చి ఓడేవాణ్ణి.

అమ్మకు నడివయసులో వినికిడి తగ్గుతూ వచ్చి, చివరికి పూర్తిగా పోయింది. చెవి మిషన్ తెచ్చి పెడితే, లోపల ఎవరో పల్లీలు వేయిస్తున్నట్టుందని తీసి గూట్లో పడేసింది. పెదవులు చూసి మాట పట్టుకోవడం తనంతట తానే నేర్చుకుంది. చెవిటివాని ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం నీ తాత తరం కూడా కాదన్నాడనే సామెతను ఊళ్లో అందరికంటే ఎక్కువగా చెప్పి నవ్వేది తనే.

అందుకే మిగతా వాళ్లకు బొమ్మ మసకబారితే బొమ్మే పోయేది, అమ్మకు మాట పోయేది. కింద అక్షరాలు వేసినా, ఆమె కూడబలుక్కుని చదివేలోపు అవి మారిపోయేవి. మామూలు టీవీలో దాటిపోయిన మాట దాటిపోయినట్టే. నెట్‌లో అయితే వెనక్కి జరిపి మళ్లీ చూడొచ్చు. అది కనిపెట్టిన రోజు అమ్మ అత్తాకోడళ్ల గొడవ ఒక్కదాన్నే నాలుగైదు సార్లు వెనక్కి జరిపి చూసి, తప్పు అత్తదేనని తేల్చింది. రోజు మొత్తంలో ఆమెకు పూర్తిగా అందే సంభాషణ ఆ సీరియల్ ఒక్కటే. నేను ఇంజనీరును కదా, నాకు అది స్పీడు సమస్యగా కనిపించింది.

నెట్ లైను వేసిన అబ్బాయి రూటర్‌ను బీరువా వెనక పెట్టిపోయాడు. ఇనుప బీరువా వెనక పెడితే సిగ్నల్ ఎట్లా వస్తుందని వాణ్ణి తిట్టుకుని, దాన్ని హాల్లో వాకిలి వైపు కిటికీ మీదికి మార్చాను. టీవీకి గాలిలో కాకుండా నేరుగా వైరు లాగాను. చేవెళ్లలో నెట్ కంపెనీ ఆఫీసుకు పోయి ప్లాను పెంచాను. బొమ్మ అద్దంలా వచ్చింది. అమ్మ నా బుగ్గలు పుణికి, కోడలి పెదవులు పగిలిన సంగతి కూడా కనిపిస్తున్నదని మెచ్చుకుంది. ఆ సుఖం సర్పంచ్ ఎలక్షన్ దాకా సాగింది.

మా నాయన, అంటే బాపు, సర్పంచ్‌గా నిలబడ్డాడు, ఆయనకు కత్తెర గుర్తు వచ్చింది. మాది ఎన్ని తరాలుగానో ఊళ్లో పాతుకుపోయిన వ్యవసాయం ఇల్లు. ఊరి బోరు ఎండినప్పుడల్లా మా పొలం బోరు నుంచి పైపు లాగి అందరికీ నీళ్లిచ్చారు. అడిగినవాడికి కాదనకపోవడం బాపుకు గొప్ప, తాతకు కూడా గొప్పేనట. ఆ ఎండాకాలం నీళ్లకు కరువు లేదు. అందుకని బాపు నెట్ ఇచ్చాడు. ఇంటి వైఫైకి కత్తెర అనే పాస్‌వర్డ్ నా చేతనే పెట్టించి, ఊరందరికీ చెప్పాడు. వచ్చిన ప్రతివాడూ తన గుర్తును తమ వేళ్లతోనే కొట్టుకుంటారు, ఇంతకంటే మంచి ప్రచారం ఏముంటుందని ఆయన లెక్క. టెంట్ హౌస్ నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి, వాకిట్లో ట్రాక్టరు నిలిపే రేకుల కింద, ఇంటి వైపు తిరిగేలా వేయించాడు. సిగ్నల్ కిటికీలో ఉంది మరి.

పొద్దున్నే కూరగాయల లోడు పంపి వచ్చిన రైతులు కూర్చునేవారు. షేర్ ఆటో దిగిన కాలేజీ పిల్లలు ఇంటికి పోకుండా ఇటే వచ్చేవారు. తొలిరోజు బాపు పొంగిపోయి అందరికీ చాయ్ పోయించాడు. లోపల మాత్రం సీరియల్ కోడలు మళ్లీ నోరు తెరిచి ఆగింది.

నేను ప్లాను మళ్లీ పెంచాను. స్పీడు పెరిగిందని తెలిసి పక్క వాడ వాళ్లు కూడా వచ్చారు. ఇంకా పెంచాను. పక్క ఊరి నుంచి కూడా బండ్లేసుకుని వచ్చారు, వాళ్లకు మా ఊళ్లో ఓటు కూడా లేదు. చివరికి నాకు తెలిసిన విద్య ప్రయోగించాను. టీవీకి ముందు వాటా, వాకిట్లో వాళ్లకు మిగిలిందే పోయేలా రూటర్‌లో కట్టడి చేశాను. మరునాడు పొద్దున బాపు నా మంచం పక్కన నిలబడి ఉన్నాడు. వాకిట్లో వీడియోలు ఆగుతున్నాయని ముగ్గురు పెద్దమనుషులు వచ్చి పంచాయితీ పెట్టారట.

"నువ్వు స్పీడు కోస్తే వాళ్లు నా ఓటు కోస్తరు. కత్తెర గుర్తు నాదారా, నీదా?" అన్నాడు.

అమ్మ సీరియల్ సంగతి చెప్పాను. ఎలక్షన్ అయ్యేదాకా జర ఓపిక పట్టమన్నాడు. ఓపిక పట్టమన్న సంగతి అమ్మకు ఎవరూ చెప్పలేదు. నేను కట్టడి తీసేశాను.

బొమ్మ ఆగిన ప్రతిసారీ అమ్మ కిటికీ వైపు తిరిగేది. కొన్నాళ్లకు కుర్చీనే అటు జరుపుకుంది. వాకిట్లో వాళ్లు తలెత్తినప్పుడు "ఏం అవ్వా, బువ్వ తిన్నవా?" అనేవాళ్లు. ఆమె తిన్ననని చెప్పి, ఏం కూరో కూడా చెప్పేది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె ముఖం కళకళలాడుతూ ఉండేది. సీరియల్ లేకున్నా పాపం ఎట్లాగో సర్దుకుంటున్నదని జాలిపడ్డాను. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

బాపు ఓడిపోయాడు. ఏదో కొద్దిలో పోయిందని చెప్పుకునే ఓటమి కూడా కాదు. మా వాకిట్లో నిండిన కుర్చీలన్ని ఓట్లు కూడా మా వాడలో పడలేదు. మరునాడు ఆయన దుప్పటి ముసుగు తీయలేదు. కత్తెర కత్తెర అని కొట్టిన వేళ్లు బూత్ లోపలికి పోయి ఇంకో గుర్తు మీద ఎట్లా గుద్దాయని నేను వంటింట్లో నిలబడి తిట్టాను. అమ్మ నా నోటినే చూస్తున్నది.

"వాళ్లు అవుతలోనికే ఏస్తరని నాకు ముందే ఎరుక," అన్నది. "ఎదురుంగ కూసోని మాట్లాడుకుంటుంటే గీ కిటికీల కెల్లి చూసిన. నాకు ఇనవడదని నా ముంగటనే అనుకున్నరు."

మరి ముందే చెప్పకపోయావా అని అడిగాను.

"చెప్పిన. ఆయన ఫోన్ల మాట్లాడుకుంట తర్వాత అని చెయ్యి ఊపిండు. నీకు గూడ చెప్పిన. నువ్వు ల్యాప్‌టాప్ మీదికెల్లి తల లేపలే."

ఆ మధ్యాహ్నం బాపు లేచి మొదట చేసిన పని, నన్ను పిలిచి పాస్‌వర్డ్ మార్చమనడం. నేను ఆనందంగా మార్చాను. పొద్దుగూకేసరికి వాకిలి ఖాళీ అయింది. మిగిలిన ఇద్దరు ముగ్గురు ఫోన్లను కాసేపు గాల్లోకి ఎత్తి చూసి వెళ్లిపోయారు. ఇక మా ఇంట్లో నడిచిన వీడియోను వర్ణించాలంటే నాకు మాటలు చాలవు. పెంచిన ప్లాను మొత్తం ఒక్క టీవీకి. మా ఆఫీసులో పెద్దసార్ల గదిలో కూడా అంత సాఫీగా బొమ్మ నడవలేదు. నా వృత్తి జీవితంలో నేను పూర్తిగా గెలిచిన పని అదొక్కటే అనుకున్నాను.

అమ్మ దాన్ని రెండు రోజులు చూసింది. మూడో రోజు నేను వచ్చేసరికి టీవీ కట్టేసి, కిటికీలోంచి ఉత్త వాకిలిని చూస్తూ కూర్చుని ఉంది. మళ్లీ ఆగుతున్నదా అని అడిగాను.

"ఆగుతలేదు బిడ్డ, మంచిగనే ఉరుకుతున్నది. పాస్‌వర్డ్ పాతదే పెట్టు. టీవీల ఉన్నోళ్లు నన్ను బువ్వ తిన్నవా అని అడుగుతరా?"

వెనక గదిలో ఉన్న బాపుకు ఇది వినబడింది. ఆయన కోపం నాకు తెలుసు, అప్పటిదాకా దాన్ని ఊరి మీద చూపించడానికి వీల్లేక దాచుకున్నాడు. గబగబా వచ్చి, అమ్మకు అర్థం కావాలని ఆమె కుర్చీకి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. వంగి, ఒక్కో మాట విడదీసి అన్నాడు.

"నన్ను ఓడగొట్టినోళ్లకు నేను నెట్ వొయ్యాల్నా?"

అమ్మ ఆయన నోటి నుంచి కళ్లు తిప్పలేదు. కోపం రాలేదు ఆమెకు.

"నువ్వు గిట్ల నా ముంగట నిలవడి మాట్లాడి ఎన్నేండ్లాయెనో," అన్నది. "గెలిచుంటే గీ మాట గూడ నాకు దొరకకపోతుండె."

నాకైతే ఆ గదిలో ఉండాలంటేనే సిగ్గేసింది. స్పీడు పెంచుకుంటూ పోయాను గానీ ఆమె ఎదురుగా కూర్చోవాలని నాకు తట్టనే లేదు. బాపు నా వైపు తిరగకుండానే, పాతదే పెట్టమని చెప్పాడు.

పెట్టాను. కబురు నేను పంపలేదు, అయినా ఊరికి తెలిసింది. మొట్టమొదట వచ్చి కుర్చీలో కూర్చున్నవాడు అవతలి పార్టీ ఏజెంటుగా పోలింగ్ బూత్‌లో కూర్చున్నవాడే. కిటికీలో అమ్మను చూసి బువ్వ తిన్నవా అని అడిగాడు, ఆమె తిన్ననన్నది. కాసేపటికి ఒక్కొక్కరే చేరి వాకిలి నిండింది. లోపల కోడలు ఏదో చెప్పబోయి సగంలో ఆగిపోయింది, చక్రం తిరగడం మొదలైంది.

నేను అలవాటుగా రూటర్ దగ్గరికి లేచాను. అమ్మ నన్ను కూర్చోమని సైగ చేసి టీవీ కట్టేసింది. బాపు చెయ్యి పట్టి తెచ్చి ఎదురు కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇగ చెప్పు," అన్నది. "ఎట్ల ఓడిపోయినవో మొదటి సంది చెప్పు."

ఆమెకు అదంతా మా అందరికంటే ముందే తెలుసు. బాపు చేతిలోని ఫోను పక్కన పెట్టి, ముఖం ఎత్తి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.