చిలకమ్మ పలకని మాట

చిలకమ్మకు యాభై దాటాయి. ఆమె గొంతుకు మాత్రం పద్దెనిమిది ఎప్పుడూ నిండలేదు. మీరు ఎప్పుడైనా హాల్లో కూర్చుని, జుట్టు కత్తిరించుకుని తండ్రికి ఎదురుతిరిగిన అమ్మాయిని చూసి ఈల వేసి ఉంటే, ఆ ఈలలో సగం చిలకమ్మకు రావాలి. తెర మీద నోరు ఎవరిదైనా మాట ఆమెది. ఆ పేరు కూడా కన్నవాళ్లు పెట్టింది కాదు, స్టూడియోవాళ్లు పెట్టారు. ఏది నేర్పితే అది పలుకుతుందని, ఎందుకని అడగదని. మెచ్చుకోలు అనుకునే పెట్టారు, ఆమె కూడా మెచ్చుకోలుగానే పుచ్చుకుంది.

ఆమె పనిచేసే గదికి కిటికీలు లేవు. ఉన్న ఒక్క అద్దానికి అవతల సౌండాయన కూర్చుంటాడు. గోడలకు చిల్లుల అట్టలు, నేల మీద మందపాటి తివాచీ, మధ్యలో మైకు, పక్కన స్టూలు మీద వేడినీళ్ల ఫ్లాస్కు. చెప్పులు గుమ్మం దగ్గరే విడవాలి. గరగరలాడే బట్టలు కట్టుకు రాకూడదు. తెర మీద పిల్ల పరిగెత్తితే చిలకమ్మ నిలబడ్డచోటే రొప్పాలి. పిల్లకు చెంపదెబ్బ తగిలితే ఈమె ఉలిక్కిపడాలి. పిల్ల ఎవరినైనా ముద్దుపెట్టుకుంటే ఈమె తన ముంజేతినే ముద్దుపెట్టుకోవాలి. అప్పుడు సౌండాయన తల దించుకుని ఏవో మీటలు సర్దుతున్నట్టు నటిస్తాడు. ఇన్నేళ్లయినా ఆయనకు సిగ్గు పోలేదు.

ఆమెకు వచ్చేవన్నీ కుర్రకారు సినిమాలు. వాటి సంగతి కాస్త చెప్పుకోవాలి. ఇంటర్వెల్ దాకా పిల్ల ఆడపులి. మోటారుసైకిలు నడుపుతుంది, పెద్దమనుషుల మొహం మీదే తలుపు వేస్తుంది, 'నా బతుకు నాది' అంటుంది. ఇంటర్వెల్ కాగానే తండ్రికి గుండెనొప్పి వస్తుంది. ఈ సినిమాల్లో తండ్రులకు ఇంటర్వెల్ ముందు జలుబైనా చేయదు! ఇక అక్కడినుంచి పిల్ల కరిగి నీరైపోయి, ఆసుపత్రి మంచం పక్కన కూలబడి, 'తప్పయిపోయింది నాన్నా, నన్ను క్షమించు' అంటుంది. కథ మగపిల్లాడిదైతే వాడు గడ్డం గీయించుకుని, చొక్కా లోపలికి దోపుకుని ఉద్యోగంలో చేరతాడు. హాల్లో పెద్దవాళ్లు కళ్లొత్తుకుంటారు, పిల్లలు చెప్పులు వెతుక్కుంటారు. తిరుగుబాటని టికెట్లమ్మి, చివరికి బుద్ధులు చేతిలో పెట్టి పంపించే బేరం ఇది.

ఆ 'తప్పయిపోయింది' అనడంలో చిలకమ్మను మించినవాళ్లు లేరు. మొదటి అక్షరం దగ్గరే గొంతు జీరపోయేది, చివరి అక్షరం వచ్చేసరికి ఊపిరి మాత్రమే మిగిలేది. దర్శకులు అద్దం అవతలినుంచే చేతులెత్తి దండం పెట్టేవారు.

గొంతే అన్నం పెట్టేది కాబట్టి ఆమె దాన్ని కంటికి రెప్పలా కాచుకుంది. చల్లనివి ముట్టదు. ఎండలో తిరగదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అరవదు. అత్తగారు ఉన్న రోజుల్లో ఆవిడ మీద అరవలేదు, మొగుడి మీద అరవలేదు, పాలల్లో నీళ్లు కలిపినవాడి మీదైనా అరవలేదు. 'గొంతు పోతుంది' అనేది ఆ ఇంట్లో అన్నిటికీ మందు. గొంతు కాపాడుకోవడం ఎక్కడ ఆగి నోరు మూసుకోవడం ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియకుండా పోయింది.

ఇలాంటి తల్లికి అలాంటి కూతురెలా పుట్టిందని చుట్టాలు ముక్కున వేలేసుకునేవారు. పిల్ల కాలేజీలో చదువుతోంది. అక్కడ అబ్బాయిల చదువుగది రాత్రి దాకా తెరిచి ఉంటుంది. అమ్మాయిలదానికి మాత్రం చీకటి పడకముందే తాళం. ఎందుకని అడిగితే 'మీ మంచికే' అన్నారు. పిల్ల పుస్తకం తీసుకుని ప్రిన్సిపాలమ్మ గది ముందు మెట్ల మీద కూర్చుని చదువుకోవడం మొదలుపెట్టింది. మర్నాటికి మెట్లన్నీ నిండిపోయాయి. తర్వాత ఇళ్లకు కబుర్లు వెళ్లాయి. ఒక్కొక్క తండ్రీ వచ్చాడు, ఒక్కొక్క పిల్లా లోపలికి వెళ్లి తప్పయిపోయిందని చెప్పి వచ్చింది. చివరికి మెట్ల మీద చిలకమ్మ కూతురొక్కతే మిగిలింది. క్షమాపణ చెప్పకపోతే పరీక్షలు రాయనివ్వం అన్నారు. 'నేనేం తప్పు చేశాను? చదువుకున్నాను' అంది పిల్ల.

చిలకమ్మ మొగుడు టైలరు. మంచివాడే గానీ ఎవరి కొలతకు వాళ్లకు కుట్టిపెట్టే మనిషి. దిక్కుతోచక అన్నగారిని పిలిపించాడు. చిలకమ్మ బావగారంటే ఇంటిల్లిపాదికీ సలహాల మూట. ఆయన వచ్చీరాగానే కుర్చీ మధ్యకు లాక్కుని కూర్చున్నాడు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నలుగురితో నారాయణా అంటే పోయేదేముందమ్మా?"

"నారాయణా అనమంటే అంటాను పెదనాన్నా. తప్పు చేశానని మాత్రం అనను," అంది పిల్ల.

"విన్నావా? విన్నావా దాని నోరు?" అని ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. తమ్ముడు కత్తెర వైపు చూశాడు.

చిలకమ్మ కూతుర్ని వంటింట్లోకి తీసుకెళ్లి బతిమాలింది. ఒక్క మాటే కదే తల్లీ, అనేసి వచ్చెయ్యి, ఏడాది దక్కుతుంది అంది. పిల్ల తల్లి మొహంలోకి తేరిపార చూసింది.

"సినిమాల్లో ఆ అమ్మాయిలందరిదీ నీ గొంతే కదమ్మా. నువ్వు ఎవరికైనా ఎదురు చెప్పగా నేను హాల్లోనే విన్నాను. అదీ ఇంటర్వెల్ దాకానే."

చిలకమ్మకు తెలిసిన ఏడుపుల్లో ఏదీ అక్కరకు రాలేదు.

రెండ్రోజులకు ప్రిన్సిపాలమ్మ ఒక మెట్టు దిగింది. అందరి ముందూ వద్దులే, ఫోను చేసి నాతో ఒక్క మాట చెబితే చాలు, ఇంతటితో వదిలేస్తానంది. ఆ కబురు వినగానే బావగారికి మెరుపులా ఆలోచన తట్టింది. లేచి గది తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"పిల్లతో చెప్పించడమెందుకమ్మా? నువ్వున్నావుగా! ఊళ్లో ఆడపిల్లలందరి తరఫునా చెప్పేదానివి, నీ పిల్ల తరఫున చెప్పలేవా? దాని గొంతు నీకు తెలియదా? ఫోనులో మొహం కనపడదాయె. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

మొగుడి మొహం చాన్నాళ్ల తర్వాత వెలిగింది. "అవునన్నయ్యా! పిల్లకు చెప్పనే వద్దు. పరీక్షలు రాసేశాక చూద్దాం."

నిజం చెప్పాలంటే చిలకమ్మ ప్రాణం కూడా లేచివచ్చింది. ఇంత తేలికైన పని ఆమెకు స్టూడియోలో కూడా ఎన్నడూ దొరకలేదు. తెర లేదు, పెదవులకు మాట కలపనక్కర్లేదు, రెండోసారి చెప్పమనేవాడు లేడు. కూతురు మాట్లాడే తీరు ఆమెకు నిద్రలో కూడా వచ్చు. ఒక గుక్క వేడినీళ్లు తాగి, గొంతు సవరించుకుని ఫోను తిప్పింది. బావగారు ఒకవైపు, మొగుడు ఒకవైపు నిలబడ్డారు.

అవతల ప్రిన్సిపాలమ్మ పలికింది. చిలకమ్మ కూతురి గొంతుతో, "నమస్కారం మేడమ్, నేను..." అంది.

"నువ్వా? హమ్మయ్య. చెప్పమ్మా, వింటున్నాను. తప్పయిపోయిందని ఒక్క మాట అనెయ్యి."

తలుపు సందులోంచి పక్కగది కనిపిస్తోంది. పిల్ల గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని చదువుకుంటోంది. తనకు గొంతు అరువు దొరికిన సంగతి దానికి తెలియదు. రేపు అది కాలేజీకి వెళుతుంది. నువ్వూ చెప్పావటగా అని తోటి పిల్లలు అంటారు. చెప్పలేదని అది మొత్తుకున్నా ఎవరూ నమ్మరు. లోకానికి దాని గొంతు వినపడిపోయి ఉంటుంది. తను గొంతిచ్చిన ఆ అమ్మాయిలందరూ అలాగే ఎక్కడో మొత్తుకుంటున్నారేమో అని చిలకమ్మకు ఉన్నట్టుండి అనిపించి, ఒళ్లు మండిపోయింది. మండింది బావగారి మీద కాదు, ప్రిన్సిపాలమ్మ మీద కూడా కాదు. తన మీద తనకే.

"నేను దాని తల్లినండీ," అంది. ఈసారి వచ్చింది యాభై దాటిన గొంతు. బొంగురుగా, బరువుగా. వాడక తుప్పుపట్టి ఉంది. "నా కూతురు క్షమాపణ చెప్పదు. అది చదువుకుంది, అంతే. చెప్పాల్సింది తాళం వేసినవాళ్లు."

"ఏడాది పోతుందమ్మా, ఆలోచించుకోండి," అంది ప్రిన్సిపాలమ్మ.

"పోనివ్వండి. ఏడాదే కదా పోయేది!"

ఫోను పెట్టేసింది. బావగారు నెత్తి బాదుకుని, "తల్లి అలా ఏడిస్తే పిల్ల ఇలా కాక ఎలా ఉంటుంది," అంటూ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. పిల్ల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చదువుతున్న పేజీలో వేలు అలాగే ఉంది. "ఎవరమ్మా ఇందాక మాట్లాడింది?" అని అడిగింది. దానికి నిజంగానే తెలియలేదు.

మర్నాడు స్టూడియోలో ఆఖరి సీను. పెద్ద సినిమా, గోడల నిండా పోస్టర్లు, విడుదల దగ్గర పడింది. అంతకు ముందు భాగమంతా చిలకమ్మ ఎప్పుడో చెప్పేసింది. తెర మీద పిల్ల ఆసుపత్రి మంచం పక్కన కూలబడింది. పెదవులు కదిలాయి. చిలకమ్మవి కదల్లేదు.

"ఏమైందండీ? మళ్లీ పోదామా?" అన్నాడు దర్శకుడు. ఆయన కుర్రవాడు, ఆ సినిమాలో తిరుగుబాటంతా తనే కనిపెట్టానని నమ్మేవాడు.

"ఈ పిల్ల ఏం తప్పు చేసింది బాబూ?"

"అంటే... వాళ్ల నాన్నకు గుండెనొప్పి కదండీ."

"గుండెనొప్పికి డాక్టరున్నాడు. పిల్ల చేసిన తప్పేమిటి?"

దర్శకుడు కాగితాలు తిరగేశాడు. వాటిలో లేదు. బతిమాలాడు, కోప్పడ్డాడు, ఇక ఈ గడప తొక్కరని బెదిరించాడు. చిలకమ్మ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంది. దర్శకుడు అద్దం వైపు తిరిగి, "ఆవిడ పాత సినిమాల్లో ఈ మాటలు బోలెడుంటాయిగా! ఒకటి తెచ్చి అతికించవయ్యా," అన్నాడు.

సౌండాయన తన బీరువా వైపు చూశాడు. ఆ అరల నిండా పాత టేపులు, వాటి నిండా చిలకమ్మ క్షమాపణలే. "అన్నీ పాడైపోయాయండీ. ఒక్కటీ పనికిరాదు," అని, తల దించుకుని మీటలు సర్దుకున్నాడు.

మొత్తం మళ్లీ చెప్పించే వ్యవధి లేదు. ఏడుపులో ఎవరి గొంతైతే ఏంలే అని, ఎవరో కొత్తమ్మాయిని తెచ్చి ఆ ఒక్క సీనూ చెప్పించుకున్నారు. చిలకమ్మకు స్టూడియోనుంచి కబుర్లు ఆగిపోయాయి. పిల్లకు ఏడాది పోయింది. ఇంట్లో కుట్టుమిషను ఒక్కటే తిరిగేది. తల్లీకూతుళ్లు ఇద్దరూ గుండీలు కుట్టేవారు. ఇందులో దాచేదేమీ లేదు, కష్టమే. అయినా ఆ రోజుల్లోనే ఆ ఇంట్లో నవ్వులు వీధిలోకి వినపడేవి.

సినిమా వచ్చింది. ముగ్గురూ వెళ్లారు. హాలంతా కుర్రకారే. ఇంటర్వెల్ దాకా ఈలలే ఈలలు. తర్వాత తండ్రికి గుండెనొప్పి రానే వచ్చింది. ఆసుపత్రి, మంచం, పిల్ల కూలబడటం. నోరు తెరిచింది. 'తప్పయిపోయింది నాన్నా' అని సన్నగా, తీయగా, ఎవరిదో గొంతు.

హాలు ఒక్క క్షణం బిత్తరపోయింది. పైనుంచి ఒకడు, "ఎవర్రా ఈవిడ?" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ముందు వరసలో ఒక అమ్మాయి, "ఆ పిల్ల అనలేదు! ఎవరో అన్నారు!" అంది. దాంతో హాలంతా గొల్లుమంది. తెర మీద నాయిక ఏడుస్తోంది, ఆ ఏడుపు తనదని ఒక్కరూ నమ్మడం లేదు. ఇంకా చెబుతోంది, నన్ను క్షమించు అంటోంది.

చిలకమ్మ లేచి నిలబడింది. రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గుండెల్లో ఊపిరంతా పెట్టి అరిచింది.

"ఆ పిల్ల చెప్పలేదు!"

మొగుడు కంగారుగా మోచేయి పట్టి లాగాడు. "కూర్చోవే, గొంతు పోతుంది!"

"పోనీండి," అని, ఈసారి కూతురు కూడా లేచి పక్కన నిలబడగా, మళ్లీ అరిచింది.