జెనోబియా కట్టెల పొయ్యి

జెనోబియా స్పైట్‌కి కోపం రావడానికి కారణం అక్కర్లేదు. కారణం దొరికిందా, ఇక ఆమె ఎదుట నిలబడడం ఎవరి తరమూ కాదు. ఆ ఏడాది వేసవిలో ఆమెకు మంచి కారణమే దొరికింది. ఆమె పేరు మీదే నడిచే పంది మాంసం హోటల్‌ని ఆమె తర్వాత చూసుకోవాల్సిన మేనల్లుడు డోర్సీ, కట్టెలతో మండే ఇటుకల పొయ్యి పడగొట్టి గ్యాస్ పెడదామన్నాడు.

"రాత్రంతా నిప్పుల దగ్గర కూర్చునేవాళ్లు దొరకట్లేదత్తా. గ్యాస్ మీద కాల్చినా తేడా ఎవడికీ తెలీదు."

"నాకు తెలుస్తుందిరా, వెధవా! ఏ ఊరికైనా పోతా, ఏ హోటల్లో అయినా తింటా. గ్యాస్ మీద కాల్చిన పందిని ఒక్కచోట బాగుందన్నానా, నీ గ్యాస్ నువ్వు పెట్టుకో. నోరెత్తను!"

అంత మాట అనేసింది. స్నేహితురాలినన్న పాపానికి, కారు నడపడానికి నన్ను లాక్కుపోయింది. ముప్పయ్యేళ్లు స్కూలు బస్సు నడిపాను, పిల్లల గోల భరించాను, కానీ పక్క సీట్లో జెనోబియా ఉంటే ఆ బస్సే నయం.

ఆమె కోపం నాకు కొత్త కాదు. మా నార్త్ కరోలినా తూర్పు వైపు బార్బెక్యూ అంటే పందిని పందిగా, ముక్క చేయకుండా, ఓక్ నిప్పుల మీద రాత్రంతా కాల్చడం. ఆ పని మగవాళ్లదన్నారు. వాళ్ల నాన్న నడుము పడిపోయాక పార పట్టుకుని పందుల కింద నిప్పులు సర్దింది ఈవిడ. తాగి వచ్చి సలహాలు చెప్పబోయిన మొగుణ్ణి అదే పారతో గేటు దాకా తరిమింది. మోచేతుల దాకా కాలిన మచ్చలున్నాయి. ఒక్కదానికీ మందు రాయించుకోలేదు.

మొదట పడమటికి పోయాం. అక్కడ పంది భుజం ఒక్కటే కాలుస్తారు, మాంసం మీద పోసే వెనిగర్ పులుసులో టమాటా కలుపుతారు. హోటల్‌కి వెళ్లగానే ఆమె తలుపు వైపు చూడలేదు, వెనక్కి నడిచింది. మావాళ్లందరికీ ఉన్న అలవాటే అది. వెనకాల కట్టెలు కనబడితేనే లోపలికి పోతాం.

"జవాబు ముందే చూసి పరీక్ష రాస్తావేమే?" అన్నాను.

"నోర్ముయ్యి, వెర్లీన్!"

అక్కడ కట్టెల్లేవు. అయినా కూర్చుంది, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంది, పళ్లెం నెట్టేసింది. "ఇది మాంసమా? ఉడకబెట్టిన దూది!" అని హోటలంతా వినబడేలా అరిచింది. నిజం చెప్పొద్దూ, నాక్కూడా దూదిలాగే ఉంది. నేనూ రెండు మాటలు అరిచాను.

మర్నాడు సౌత్ కరోలినాలో ఆవాల పులుసుతో గొడవ. పచ్చగా ఉన్న ఆ పులుసు చూసి, "పందికి కామెర్లొచ్చాయా?" అని వడ్డించే అబ్బాయిని నిలదీసింది. కట్టెలు మాత్రం వెనకాల పొగలు కక్కుతున్నాయి, మాంసం బ్రహ్మాండంగా ఉంది. ఆమె దాని మీద సగం సీసా వెనిగర్ కుమ్మరించి తింది. నేనైతే ఒక్క చుక్కకే దగ్గేదాన్ని.

తిరుగు దారిలో హైవే పక్కన ఇంకో హోటల్ తగిలింది. దాని వెనక కట్టెలు చూడాలి! ఓక్ దుంగలు, ఒక్కటీ వంకర లేకుండా, మనిషెత్తున పేర్చి ఉన్నాయి. జెనోబియా వాటి ముందు నిలబడి మొదటిసారి నవ్వింది.

"చూడు, ఇదీ మర్యాదంటే," అంది.

లోపల పళ్లెం వచ్చింది: తరిగిన మాంసం, క్యాబేజీ తురుము, మొక్కజొన్నపిండి బోండాలు. నేను ఒక ముద్ద తిన్నాను. పొగ వాసన లేదు. ఇంకో ముద్ద తిన్నాను. ఇనప పెనం మీద వండినట్టుంది. తలెత్తి జెనోబియా వైపు చూశాను. పళ్లెం ఖాళీ చేసి రెండోది తెప్పించుకుంటోంది.

"ఇది బార్బెక్యూ అంటే! పొగ ఎలా పట్టిందో చూశావా?" అని, వడ్డించే అమ్మాయిని పిలిచింది. "అమ్మాయ్, పొయ్యి దగ్గర కూర్చునే మనిషిని ఒకసారి పిలువు. చెయ్యి కలిపి పోతాను."

"పొయ్యి దగ్గర ఎవరూ ఉండరమ్మా. సాయంత్రం గ్యాస్ వెలిగించి తాళం వేసుకుని పోతాం."

"మరి వెనకాల కట్టెలు?"

"అవా? అందం కోసం. ఓనరు గారు డబ్బిచ్చి పేర్పించారు."

బయటికొచ్చి ఆ దుంగల్ని కాలితో తన్నింది. నాకూ ఒళ్లు మండిపోయింది. నిప్పు ముఖం చూడని కట్టెలతో జనాన్ని లోపలికి లాగుతారా? లోపలికి పోయి ఆ ఓనరుకి నాలుగు పెట్టబోతుంటే, జెనోబియా నా చెయ్యి పట్టుకుంది.

"నీకు తెలిసిందా?"

"మొదటి ముద్దకే."

"మొన్న చలికాలం జ్వరమొచ్చిందే, అప్పట్నుంచి నాకు ఏ వాసనా రావట్లేదే వెర్లీన్. రుచీ లేదు. వస్తుందిలే అనుకున్నా. ఆ మొదటి హోటల్లో నమిలితే మెత్తగా ఉంది, కట్టెల్లేవు, అందుకే తిట్టా." ఆ దుంగల్ని ఇంకోసారి తన్ని అరిచింది. "ముక్కు లేని ముండని, కట్టెలు చూసి తింటున్నా!"

"అయితే పందెం చెల్లదు. జ్వరం చేసిన పనికి పొయ్యి పడగొట్టుకుంటావా? నాకు తేడా తెలిసింది కదా! నేను చెప్తా వాడికి."

"మాట ఇచ్చింది నువ్వా, నేనా?"

"నీ మాట తగలెయ్య! ఇక్కడ నువ్వు బాగుందన్నావని వాడికి ఎవరు చెప్తారే?"

"నేను చెప్తా."

ఫోన్ తీసింది. నేను లాక్కోబోతే మోచేత్తో పొడిచింది. అవతల డోర్సీ పలికాడు.

"నువ్వే గెలిచావురా. గ్యాస్ పెట్టుకో. కానీ పొయ్యి పడగొట్టకముందే హోటల్ బోర్డు మీద నా పేరు చెరిపించు."

డోర్సీ గొంతు నాక్కూడా వినబడింది. కంగారుగా ఉంది. "అదేంటత్తా? నీ పేరు లేకపోతే తినడానికి ఎవరొస్తారు?"

"అదేంట్రా?" అంది జెనోబియా. "తేడా ఎవడికీ తెలీదన్నావుగా."