మంజన్న చెయ్యి

ఈ బరువు ఇన్నేండ్లు ఎట్ల మోసినానో నాకే తెలీదు. రోజూ పొద్దున దీపం పెట్టి, నాకు మేలు చేసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే తలచుకొని దండం పెట్టేది నా అలవాటు. మంజన్న పేరు దగ్గర నాలుక ఆగిపోతుంది. ఆగి, దాటుకొని పోతుంది. మీకు చెప్తాను. మీరు నన్ను ఎరగరు, అందుకే.

నేను కాలేజీకి పోలేదు. మత్తిగిరిలో ఇంట్లోనే కూర్చొని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. పట్టా లేని పిల్లకు పని ఎవరిస్తారు? మా వీధిలో ఉండే మంజన్న ఇప్పించినాడు. హోసూరులో తాను పనిచేసే చిన్న ఆఫీసులో ఓనరుతో వాదించి, నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ప్లాస్టిక్ కప్పిన పాలీహౌసుల్లో గులాబీలు పెంచే రైతులకు, ఈ పొద్దు ఏ రకం ఎన్ని కోయాలో మెసేజ్ పంపే వెబ్ అప్లికేషన్ మాది.

ఆ మెసేజ్‌లు పంపే లైబ్రరీ, అంటే వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడు, ఎట్ల పనిచేస్తుందో చూద్దామని ఒక చిన్న ఫైలు రాసినాను. దానికీ ఆ లైబ్రరీ పేరే పెట్టి, సర్వర్‌లో అప్లికేషన్ ఉండే ఫోల్డర్‌లోనే మరచిపోయినాను. ఊర్లో ఇద్దరు మునెమ్మలుంటే, పిలిచినప్పుడు పక్కింటి మునెమ్మే కదా పలికేది. పైథానూ అంతే, ముందు తన ఫోల్డర్‌లోనే వెతికి, ఆడ దొరికిందే తీసుకుంటుంది. సర్వర్ మళ్ళీ స్టార్ట్ అయ్యేదాకా ఆ సంగతి బయటపడలేదు. ఒక సాయంత్రం మంజన్న లైబ్రరీకి కొత్త వెర్షన్ వేసి, రీస్టార్ట్ చేసి ఇంటికి పోయినాడు.

మరునాడు పెద్ద పెళ్ళి ముహూర్తం, పూలకు గిరాకీ. ఒక్క మెసేజూ పోలేదు. పూలు కొమ్మల మీదే విచ్చుకొని పనికిరాకుండా పోయినాయి. రైతులు ఆఫీసు ముందర వచ్చి నిలబడినారు. వాళ్ళ ఎదుటే ఓనరు, "ఏమప్పా మంజునాథా, బాగున్నదాన్ని కెలకమని ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు.

ఎర్రర్ చూడగానే నాకు తెలిసిపోయింది. అందులో నా ఫైలే కనబడుతోంది. నోరెందుకు తెరవలేదు? భయమా? పట్టా లేనిదాన్ని, ఈడ తీసేస్తే యాడికి పోతాననా? ఇన్నేండ్లుగా అదే జవాబు చెప్పుకుంటున్నాను, అది నిజమే, కానీ అంతా నిజం కాదు. అందరి ముందరా తెలివైనదాన్ని అనిపించుకోవాలనే ఆశ కూడా ఉండింది. ఎవరూ చూడనప్పుడు ఫైలు తీసేసి, సర్వర్ రీస్టార్ట్ చేసినాను. మెసేజ్‌లు మళ్ళీ రైతులకు పోయినాయి.

"ఏమిటమ్మా అది?" అని అడిగినాడు మంజన్న.

"వెర్షన్ల గొడవన్నా. సరిచేసినాను."

"అంటే నేను వేసిందే."

నేను స్క్రీన్ వైపు తిరిగినాను.

"నువ్వు లేకుంటే ఏమయిపోదునో తల్లీ. నీకు పుణ్యముంటుంది."

ఆ నెలలోనే ఆయన్ను తీసేసినారు. ఆయన కుర్చీ నాకిచ్చినారు. ఆ పొద్దూ దండం పెట్టినాను. దేనికి పెట్టినట్టు?

ఈ మధ్య మా జిల్లాలోనే ఉండే పోచంపల్లి సంతలో కనబడినాడు. మిరపనారు అమ్ముతున్నాడు. ఒక ముసలాయన ఫోను చాపి, "కంప్యూటరు పని చేసినోడివంట కదప్పా, ఇది చూడు" అన్నాడు. మంజన్న చేతులు వెనక్కి తీసుకొని, "వద్దు పెద్దాయనా, నా చెయ్యి పడితే బాగుండేది కూడా చెడిపోతుంది" అని నవ్వినాడు. నన్ను చూసి, నేను కొన్నదాని మీద అడక్కుండానే ఇంకో పిడికెడు నారు నా సంచిలో వేసినాడు.

ఆ నారు నాటినాను. ఒక్కటీ వాడిపోలేదు. ఆయన చెయ్యి మంచిది. ఆ ఫైలు నాది.

ఆయనకు ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలీదు. మీకు చెప్పినాను. ఈ పొద్దు దీపం ముందర మాత్రం ఆయన పేరు దాటుకొని పోలేదు.