దిష్టిబొమ్మ ముందు ఆగిన కారు

కారు నడపడం సరిగా రాకుండానే కార్లు అమ్మే ఉద్యోగంలో చేరిన రోజులవి. ఇప్పుడు తలచుకుంటే అంత ధైర్యం ఎలా వచ్చిందా అనిపిస్తుంది గాని, ఇరవై రెండేళ్ళప్పుడు మనకు రానివాటి లెక్క మనకు తెలియదు కదా. మాది చీరాల దగ్గర పల్లెటూరు. నాన్న మిషను బడిలో టీచరు. నేను డిగ్రీ కాగానే గుంటూరు హైవే పక్కన కొత్తగా తెరిచిన ఖరీదైన కార్ల షోరూములో రిసెప్షనిస్టుగా చేరాను. ఇంగ్లీషు గడగడా మాట్లాడుతున్నానని నాలుగు నెలలకే సేల్సులోకి మార్చారు. (లైసెన్సు మాత్రం ఉంది. డ్రైవింగు స్కూలు మాస్టారు తన వైపు బ్రేకు మీద కాలు తియ్యకుండా కూర్చుంటే, ఇరవై రోజులు స్టీరింగు పట్టుకుని తెచ్చుకున్న లైసెన్సు అది.)

షోరూములో అన్నిటికన్నా గొప్పది ముదురు నీలం రంగు స్పోర్ట్స్ సెడాను. పొద్దున్నే లైట్లు వేయగానే దాని వీపు మీద వెలుగు నీళ్ళలా జారేది. తలుపు వేస్తే చప్పుడు రాదు, ఎవరో మెల్లగా ఊపిరి వదిలినట్టు ఉంటుంది. ఎంత వేగంగా పోగలదో అంత భద్రంగా ఆగగలదని దానికి పేరు. గీత దాటితే స్టీరింగు వణుకుతుంది, డ్రైవరు కునికితే ఎదురుగా కాఫీ కప్పు బొమ్మ వెలిగి మోగుతుంది, ఎవరైనా అడ్డం వస్తే తనే బ్రేకు వేసుకుంటుంది. ఇవన్నీ నేను సండే స్కూల్లో కంఠతా వాక్యాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేదాన్ని. ఒక్కటీ కళ్ళతో చూసింది లేదు. మా మేనేజరుగారు (రోహిణి కార్తెలో కూడా టై విప్పనందుకు మేమంతా టై సారు అనేవాళ్ళం) మొదటిరోజే గట్టిగా చెప్పారు, ఆ బ్రేకు సంగతి నోటితో చెప్పాలే తప్ప రోడ్డు మీద చేసి చూపించకూడదని. సేల్సులోకి మారి మూడు నెలలైనా నేను ఒక్క కారు కూడా అమ్మలేదు. ఈ నెల కూడా అంతే అయితే సర్దుకుని ఇంటికి వెళ్ళడమేనని కూడా ఆయనే చెప్పారు.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా, భుజాన తువ్వాలు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చల్లటి పాలరాతి మీద వట్టి కాళ్ళతో లోపలికి వచ్చాడు. అది చూసి మిగతా సేల్సువాళ్ళెవరూ కుర్చీలోంచి లేవలేదు. నేను లేచానంటే అది నా గొప్పతనమేమీ కాదు. మిగతావాళ్ళకు ఏరుకునే వీలుంది, నాకు లేదు. మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టాను. పిడుగురాళ్ల నుంచి సున్నం, గుంటూరు యార్డు నుంచి మిరపకాయలు తోలుతూ ముప్పై అయిదేళ్ళు లారీ నడిపాడట. ఒక్కతే కూతురు డాక్టరు. చిలకలూరిపేట నుంచి ఒంగోలు ఆసుపత్రికి రోజూ తనే కారు నడుపుకుంటూ వెళ్ళొస్తుంది. ఆ అమ్మాయి ఈ నీలం కారే కావాలని తేల్చేసుకుంది. తాను ఒకసారి నడిపి చూశాకే ఏ సంగతీ అని ఈయన అడ్డం పడ్డాడు.

నేను నా వాక్యాలన్నీ అప్పజెప్పాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఓపికగా విన్నాడు. "బ్రేకు తనే వేసుకుద్దా?" అని మళ్ళీ అడిగాడు. అవునన్నాను. "నువ్వు చూశావా అమ్మాయ్?" అన్నాడు. చూశానన్నాను. అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

కస్టమర్ల పక్కన రోజూ వెళ్ళే మా డ్రైవరన్న ఆరోజు మరదలి పెళ్ళికి సెలవు పెట్టాడు. గత్యంతరం లేక టై సారు నన్నే పంపారు, టోలుగేటు దాకా వెళ్ళి తిన్నగా వెనక్కి రమ్మని. పెద్దాయన స్టీరింగు ముందు కూర్చుని కాసేపు దేన్నీ ముట్టుకోలేదు. తరవాత అరచేతులు పంచెకు తుడుచుకుని దాన్ని పట్టుకున్నాడు. హైవే ఎక్కాక యాక్సిలరేటరు తొక్కితే కారు ఎలా దూకిందంటే, నా వీపు సీటుకు అతుక్కుపోయి నేను చెబుతున్న వాక్యం మధ్యలోనే తెగిపోయింది. ఇంతా చేసి లోపల చప్పుడు లేదు. ఆయన స్టీరింగు మీద రెండు వేళ్ళు మాత్రం ఉంచి, పక్కన పోతున్న లారీలను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "ఇందులో కూర్చుంటే రోడ్డుకి మన మీద కోపం లేనట్టుంది" అన్నాడు.

టోలుగేటు ఇంకా రాకముందే ఆయన కారును పక్కన చేల మధ్య ఉన్న డొంక దారిలోకి దించాడు. వద్దు బాబాయిగారూ అంటున్నా వినలేదు. అటూ ఇటూ మిరప చేలు. కాయలు పండి చేలన్నీ ఎర్రగా ఉన్నాయి. ఒక చోట కారు ఆపి దిగి, గట్టున ఉన్న దిష్టిబొమ్మను ఊడబెరికి తెచ్చి డొంక మధ్యలో పాతాడు. పాత చొక్కా, పాత ప్యాంటు, కుండ తలకాయ, అచ్చం మనిషిలాగే ఉంది. చూశానన్నావు కదా, నేనూ చూస్తాను అన్నాడు. నా ఉద్యోగం, టై సారు మొహం, నా అబద్ధం ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. చూడలేదని చెప్పెయ్యడానికి అదే మంచి సమయం. నేను చెప్పలేదు. సీటు బెల్టు బిగించుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను.

మొదటిసారి కారు దిష్టిబొమ్మకు చాలా దూరంలోనే ఆగింది. కళ్ళు తెరిచి, హమ్మయ్య ఆగిందన్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకుని, ఆపింది కారు కాదు, నేనే అన్నాడు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. అడ్డంగా మనిషి ఆకారం కనబడితే ఆయన కాలు ఆయన మాట వినడం లేదు. బ్రేకు మీద పడిపోతోంది. ముప్పై అయిదేళ్ళ అలవాటును కూర్చుని తిట్టుకున్నాడు. ఈలోగా కాయలు కోస్తున్న కూలి ఆడవాళ్ళు పదిమంది దాకా గట్టు మీదికి చేరారు. వాళ్ళ మేస్త్రమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, మా బొమ్మనెందుకు గుద్దుతున్నారని నిలదీసింది. గుద్దడం లేదమ్మా, గుద్దకుండా ఆగుద్దేమో చూస్తున్నామని పెద్దాయన వివరంగా చెప్పాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "అయితే మేమూ చూస్తాం, కానీయండి" అని ఆడవాళ్ళందరినీ వెనక్కి జరిపింది.

నాలుగోసారి ఆయన కాస్త వేగం అందుకున్నాక రెండు కాళ్ళూ వెనక్కి లాక్కుని సీటుకు ఆనించేశాడు. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు. బొమ్మ దగ్గరికి వస్తోంది. కుండ మీద సున్నంతో వేసిన కళ్ళు, మూతి కనిపిస్తున్నాయి. కారు గట్టిగా మోగింది, అద్దం మీద ఎర్ర లైటు వెలిగింది, బెల్టు నన్ను సీటుకేసి లాగింది. కింద ఏదో పెద్ద చెయ్యి నేలను పట్టుకున్నట్టు అనిపించింది. ఆగాం. ముందు దుమ్ము, దుమ్ము వెనక బొమ్మ. దాని చొక్కా అంచు గాలికి ఊగి బానెట్టును తాకుతోంది. మధ్యలో మూరెడు కూడా లేదు.

గట్టు మీద ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అలాగే నిలబడ్డారు. చివరికి మేస్త్రమ్మ, "దేవుడికి స్తోత్రం. మా పాస్టరుగారి బండికి ఇలాంటిది పెట్టించాల" అంది. నాకు నవ్వు రాలేదు. అన్ని నెలలుగా అప్పజెప్పిన మాటలు నిజమని నాకు మొదటిసారి తెలిసిన క్షణమది.

పెద్దాయన దిగి, కారు ముందు వంగి, బంపరు మీద చెయ్యి పెట్టాడు. తరవాత బొమ్మను పక్కకు తీసి దాని చోట తాను నిలబడ్డాడు. నన్ను నడపమన్నాడు. నేను కిందికి దిగాను గాని స్టీరింగు వైపు వెళ్ళలేదు.

"నేను నడపను బాబాయిగారూ."

"నీ కారు మీద నీకే నమ్మకం లేదా?"

"కారు మీద ఉందండి. నా మీదే లేదు. నాకు నడపడం సరిగా రాదు. ఈ బ్రేకు కూడా ఇంతకు ముందు చూడలేదు. మీకు అబద్ధం చెప్పాను."

అమ్మకం పోయిందనే అనుకున్నాను. ఆయన కోప్పడలేదు. గట్టు మీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నాడు. చాలా ఏళ్ళ కిందట సింగరాయకొండ దాటాక తెల్లవారుజామున లారీలో తనకు ఒక్క రెప్పపాటు కునుకు పట్టిందట. కళ్ళు తెరిచేసరికి ముందు సైకిలు మీద ఒకతను. ప్రాణం దక్కింది, కాలు పోయింది. ఆ మనిషికి చిల్లర కొట్టు పెట్టించి, ఇప్పటికీ ఏడాదికోసారి వెళ్ళి పలకరించి వస్తాడట. ఇదంతా తలెత్తకుండా, చేతిలో మిరపకాయ తొడిమె తుంచుతూ చెప్పాడు. "నిద్రొస్తే కప్పు బొమ్మ వెలుగుద్దన్నావు చూడు. నువ్వా మాట చెప్పినప్పుడే కొనాలనుకున్నా. మా అమ్మాయి నైటు డ్యూటీ చేసి తిరిగొస్తది. బ్రేకు నిజమని కళ్ళారా చూస్తే, కప్పు కూడా నిజమేనని నాకు ధైర్యం" అన్నాడు. బొమ్మను ఇద్దరం కలిసి మళ్ళీ గట్టున పాతాం. దాని చొక్కా గుండీలు ఆయనే సరిగ్గా పెట్టాడు.

నీలం కారు ఎర్ర దుమ్ముతో, ముందు జాలీలో గడ్డిపరకలతో షోరూముకు చేరింది. టై సారుకు జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆ రోజుకి నేను చెప్పిన రెండో నిజం అది. ఆయన మెడ దగ్గర టై కాస్త వదులు చేసుకోవడం నేను చూసింది అప్పుడే. నన్ను తిరిగి రిసెప్షనుకు పంపించారు. పెద్దాయన మాత్రం బుకింగు కాగితం మీద నా పేరే రాయించాడు కాబట్టి ఉద్యోగం నిలిచింది.

కారు ఇచ్చే రోజున తండ్రీ కూతురూ ఇద్దరూ వచ్చారు. పూజ అయ్యాక, పండ్లు పంచాక, డాక్టరమ్మ తాళం చేతికి తీసుకుంది. పెద్దాయన ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె నవ్వి వెనక సీట్లోకి వెళ్ళి కూర్చుంది. ఆయన నన్ను పిలిచి డ్రైవరు వైపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "రామ్మా. ఆరోజు వద్దని మంచి పని చేశావు. ఈరోజు నేను పక్కన కూర్చుంటా" అన్నాడు. టై సారు అద్దాల వెనక నుంచి చూస్తున్నారు. నేను కూర్చున్నాను. సర్వీసు రోడ్డులో పెట్రోలు బంకు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. వెనక ఒక ఆటో హారను మోగిస్తూనే ఉంది, ఒక సైకిలాయన మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు. పెద్దాయన ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు.

ఆ తరవాత సొంత కారు కొన్నాను, నాలుగు జిల్లాలు ఒంటరిగా తిరిగాను. ఆరోజు నాలో ఉన్న ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. గాలిలా పోయే కారును గంటకు ఇరవై దాటనివ్వకుండా, రెండు చేతులా స్టీరింగును కరుచుకుని, దారిలో కనబడ్డ కుక్కకు కూడా ఆగి దారిచ్చి, ప్రపంచాన్ని గెలిచినంత చెమటతో దిగింది పాపం.