బావ కనిపెట్టిన అమ్మవార్లు

యుద్ధం నడుస్తున్న రోజులవి. మా బావకు చిత్తూరు కోర్టులో బావి దావా ఒకటి ఉండేది. పక్క పొలం ఆసామి ఆ బావిలో సగం తనదంటున్నాడు. నేను పబ్లిక్ వర్క్స్‌లో ఓవర్సీరును గనుక, గొలుసు పట్టించి, బావి గట్టు నుంచి హద్దురాయి దాకా అంగుళాలతో సహా కొలిచి ప్లాను గీసి ఇచ్చాను. దావా చేపట్టిన వకీలు గారు ముస్లిం. బావి తగాదాలలో ఆయనను మించినవారు చిత్తూరులో లేరని ప్రతీతి. ఆయన వకాలతు వదులుకుంటే బావి దక్కదని బావకు నాకంటే బాగా తెలుసు.

అటువంటి మనిషి ముందు విప్పడానికి బావ ఒక సిద్ధాంతాన్ని సంచిలో పెట్టుకొని తిరుపతిలో రైలెక్కాడు. ముస్లింల గ్రంథంలో పూర్వపు దేవతారాధన జాడలు దాగి ఉన్నాయని మద్రాసు నుంచి వచ్చిన చిన్న పుస్తకమొకటి చెప్పిందట. దానిమీద వచ్చే ఆదివారం పఠన మందిరంలో ఉపన్యసించడానికి కూడా ఒప్పుకున్నాడు. పుస్తకం రాసినాయనకు అరబ్బీ వచ్చునా అని అడిగాను.

"రాకుంటే అచ్చేస్తారా?" అన్నాడు బావ.

పాకాలలో ఇంజను నీళ్లు పట్టుకుంటుండగా బతిమాలాను. "బావా, బావి దక్కిందాకా ఈ మాట వకీలు గారి కాడ ఎత్తొద్దు."

"ఎత్తకుంటే ఎట్టప్పా. ఆయన ఊ అన్నాడంటే సాక్ష్యం నాకు వాళ్లింట్లోనే దొరికినట్టు గదా."

చిత్తూరులో వకీలు గారు విచారణ సంగతులు ముగించి కళ్లద్దాలు తీయడమే ఆలస్యం, బావ మొదలుపెట్టాడు.

"మీ గ్రంథంలో ముగ్గురు అమ్మవార్ల పేర్లుండాయంట గదా సార్."

"ఉండాయి."

ఇంత తొందరగా గెలుస్తానని బావ అనుకోలేదు. నా వైపు ఒకసారి చూసి ముందుకు సాగాడు. "మా గంగమ్మలు ఏడుగురు అక్కసెల్లెళ్లు. మీ కాడ ముగ్గురు తేలినారు. తక్కిన నలుగుర్ని యాడనో దాసినారు."

తీసివేత వరకు లెక్క సరిగానే ఉంది.

"ఇంకోటి. శుక్రారం మాకు అమ్మవారి దినం, మీకు నమాజు దినం."

"మా అత్తగారి ఊర్లో శుక్రారం ఎద్దుల సంత గూడా జరుగుతాదప్పా. దాన్ని గూడా కలుపుకో."

ఇక దావా కట్ట మా ముఖాన పడటమే తరువాయి అనుకున్నాను. ఆయన ఆ కట్టనే తీసి బావ ముందు పెట్టారు.

"ఇది ఎవురు వేసిన దావా?"

"నేనే గదా సార్."

"దీంట్లో నీ పేరు గాక ఇంకెవురి పేరుండాది, సూడు."

బావ కాగితాలు తిప్పాడు. ప్రతి కాగితంలోనూ పక్క పొలం ఆసామి ఉన్నాడు.

"నూరేండ్లకు ఎవురో ఇది సదివి, ఈయప్ప ఆ ఆసామిని గుట్టుగా పూజించినాడు, పేరు జపం జేసినాడు అని పుస్తకం రాస్తే?"

బావ ముఖం కందగడ్డ అయింది. "ఎట్ట రాస్తాడు సార్? వానికి హక్కు లేదని సెప్పేదానికే గదా వాని పేరు రాసింది."

"మా కాడా అంతే. పూర్వం అరబ్బు ఊళ్లల్లో జనం ఆ ముగ్గుర్ని కొలిసినారు. దాన్ని ఎవురూ దాయలేదు. వాళ్లకు హక్కు లేదని సెప్పేదానికే పేర్లు ఎత్తింది."

బావ కాగితాలను మళ్లీ మొదటి నుంచి తిప్పాడు. ఓడిపోయాడనుకున్నాను. బావ దిగులు వేరే.

"అయితే సార్, దావాలో వాని పేరు కొట్టేస్తే పోలా."

"కొట్టేసి దావా ఎవురి మీద నడిపేది, బావి మీదనా?"

వకీలు గారు కట్టకు తాడు బిగించి, హద్దురాయి కొలత మరొకసారి సరిచూసి రమ్మని నాకు పని చెప్పారు. వకాలతు నిలిచిందని అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. మేము లేచి గడప దాటుతుండగా బావను పిలిచారు.

"ఆదివారం ఉపన్యాసానికి నేనూ వస్తానప్పా. ముందు వరసలో ఒక కుర్చీ ఏయించు."

"అది మానుకున్నా సార్."

"ఎప్పుడు?"

"మీరు వస్తానన్నారే, అప్పుడు."