సూది మీద అనుమానం

మా ఎదురింటి వదిన కరోనాతో పోయిందని మొన్న ఉదయం ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నానికల్లా లింబాయత్‌లోని మగ్గాల పనికి వలసొచ్చిన తెలుగువాళ్లుండే మా గల్లీలో ఇంకో మాట లేచింది. "కరోనా కాదట, ఆ పాత రోగమేనట. మూడు నెలల సూది తెచ్చిన రోగం." ఆ మాట ఇక్కడితో ఆగాలనే ఇది రాస్తున్నాను. తన సంగతి దాచమని వదిన ఏనాడూ అనలేదు.

ఆమె తీరే అనుమానం. వేలు ముంచి చూడనిదే పాలు పోయించుకునేది కాదు. మందు బిళ్లల అట్ట మీది తేదీ నాచేత చదివించేది. "అడిగితే ఏం పోతది? అడగకుంటేనే పోతది" అనేది. రెండో కాన్పు తర్వాత, గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే సూదికి ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. నర్సు కొత్త సిరంజి కవరు చింపేదాకా ఆమె చెయ్యి చాపేది కాదు.

మొదటి లాక్‌డౌన్‌కు ముందటి చలికాలంలో ఆమెకు జ్వరం ఎంతకీ తగ్గలేదు. పరీక్షలో హెచ్ఐవీ అని తేలింది. పిల్లలిద్దరికీ లేదు, అదొక్కటే ఊరట. దూరాన కిమ్ అనే ఊళ్లో మిల్లు పని చేస్తూ పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చే ఆమె భర్త ఫోన్‌లోనే "ఆ సూదే చేసింది" అన్నాడు. గల్లీ నమ్మింది. ఆడవాళ్లు సూదికి పోవడం మానేశారు. నాకూ అదే భయం.

"అడిగొద్దాం పా" అని వదిన నన్ను అడాజన్‌లోని తెలుగు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

"గా సూదితోని గీ రోగం వస్తదా మేడం?"

"సిరంజి కొత్తదేనా?"

"కవర్ చింపంగ నా కండ్లతో చూసిన."

"అయితే అందులోంచి రాలేదమ్మా. ఆ మందు వాడేవాళ్లకు హెచ్ఐవీ ఇంకాస్త తేలిగ్గా అంటుకుంటుందేమోనని మా డాక్టర్లకే చాలాకాలం అనుమానం ఉండేది. తర్వాత ఎంతోమందిని గమనించి చూశారు. పెద్ద తేడా కనపడలేదు."

"పెద్దది లేదంటే చిన్నది ఉన్నట్టే గద?"

"చిన్నది కూడా లేదని ఒట్టేసి చెప్పలేను. కానీ తేలిగ్గా అంటినా, కష్టంగా అంటినా, అంటించే మనిషి ఒకరుండాలి కదా."

"మరి సూది బంద్ చెయ్యాల్నా? రోగం జల్ది ముదురుతదా?"

"అలా అని తేలలేదు. మానక్కర్లేదు. హెచ్ఐవీ మందులు రోజూ మింగండి. కండోమ్ మాత్రం తప్పనిసరి."

తిరుగు బస్సు తాపీ నది వంతెన దాటింది. "సూది మీద అనుమానమున్నప్పుడే పానం నిమ్మళంగుండె" అంది వదిన. పాలవాణ్ని, నర్సును, నన్ను కూడా అనుమానించిన మనిషి, భర్తను ఒక్కరోజూ అనుమానించలేదు.

ఆ శనివారం అతన్ని గడప బయటే నిలబెట్టింది. "పరీక్ష చేయించుకోని లోపలికి రా." అతను అరిచాడు. నీ మీదే నాకు అనుమానమన్నాడు. "అనుమానపడు. నాది తేలింది, నీది తేలనియ్యి" అంది. పరీక్షకు వెళ్లొచ్చి, తనకూ ఉందని తేలాక మెట్ల మీద తల వంచుకు కూర్చున్నాడు. ఆమె క్షమించిందని నేననుకోను. రోజూ మందు వేళకు ఇద్దరికీ నీళ్లు మాత్రం తనే పోసేది. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగి గల్లీ సగం ఊళ్లకు పోతుంటే, మందులు చేతికందేదాకా ఆమె కదలనంది.

ఒకరోజు నల్లా దగ్గర అందరి ముందూ చెప్పేసింది. "సూదిని తిట్టకుండ్రి. అది కడుపును ఆపుతది, రోగాన్ని ఆపదు. మీ మొగోళ్లను అడుగుండ్రి." ఒకామె తన బిందె దూరం జరుపుకుంది. నేను మాత్రం ఇంటికెళ్లి మా ఆయన్ని అడిగాను. వారం పాటు ముఖం మాడ్చుకున్నా, పరీక్షకు వచ్చాడు. ఇద్దరికీ ఏమీ లేదు. ఆ ప్రశ్న నా నోట పలికిందంటే అది వదిన చలవే.

నిన్న డాక్టరమ్మకు ఫోన్ చేసి, గల్లీ మాట నిజమేనా అని అడిగాను. హెచ్ఐవీ మందులతో ఎప్పుడో అదుపులోకి వచ్చిందనీ, ఊపిరితిత్తుల్ని తిన్నది కరోనాయేననీ చెప్పింది.

అంబులెన్స్ వచ్చిన పొద్దున వదినకు ఊపిరి అందడం లేదు. అయినా తలుపు పట్టుకుని ఆగింది. ఒళ్లంతా తెల్లటి సూటు కప్పుకున్న మనిషితో "జర మొఖం చూపియ్యి భాయ్, ఎవరితోని పోతున్ననో తెల్వద్దా" అంది. అతను నాలుగడుగులు వెనక్కి జరిగి మాస్కు కిందికి లాగాడు. నెరిసిన గడ్డం, చెంపల మీద చెమట. వదిన అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. తల ఊపి, లోపలికెక్కి కూర్చుంది.