తళతళలాడే బూట్లు

గైడు లోర్నా ప్రూయిట్ తెల్ల గ్లవ్స్ తొడుక్కుని మ్యూజియం తలుపు తీస్తుంటే, ఆ ఇంటి ఇల్లాలు తనేనన్నంత దర్జా. నిజానికది ఒకప్పటి అమెరికా ప్రెసిడెంటు భార్య విన్‌ఫ్రెడ్ హార్కోర్ట్ పుట్టిన ఇల్లు. మొగుడు వద్దంటున్నా వెస్ట్ వర్జీనియా బొగ్గు గనిలోకి దిగి, కార్మికుల తరఫున రేడియోలో మాట్లాడి, మంత్రులకు చెమటలు పట్టించిన మనిషి ఆవిడ. లోర్నాకు ఆవిడ గౌన్లూ, పింగాణీ కప్పులూ, ముత్యాల దండలే తెలుసు. ఆ ముత్యాల గురించి తేనెలో ముంచిన గొంతుతో పావుగంట చెబుతుంది. ఎవరైనా గని ఊసెత్తితే, "ఆ రాజకీయాలన్నీ మనకెందుకండీ? ఎంత అందంగా ఉండేవారో చూడండి" అంటూ సుతారంగా పెదవి విరుస్తుంది.

మొన్న ఆదివారం డెల్ఫా అనే ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "అమ్మాయ్, ఆవిడ మా నాన్నావాళ్లతో గనిలోకి దిగినప్పటి బూట్లు ఇక్కడున్నాయటగా. వాటి మసి ఎవరూ కడగొద్దని ఆవిడే చెప్పిందట. ఒక్కసారి చూపించవూ?" అంది. లోర్నా మొహం వెలిగిపోయింది. ఆవిణ్ణి అద్దాల బీరువా దగ్గరికి తీసుకెళ్లి, "అబ్బ, ఎంత అసహ్యంగా ఉండేవనుకున్నారు! ఆ మసంతా నేనే కూర్చుని గీకి, పాలిష్ పట్టించాను. ఇప్పుడు చూడండి, మన మొహం కనిపిస్తుంది" అంది.

డెల్ఫా వంగి చాలాసేపు చూసింది.

"మా నాన్న ఊపిరితిత్తుల్లో మసి కూడా ఎవరన్నా ఇంత శ్రద్ధగా గీకి ఉంటే, ఇంకో పదేళ్లు బతికేవాడు తల్లీ."

"థాంక్యూ అండీ," అంది లోర్నా మురిసిపోతూ, గ్లవ్స్ సర్దుకుని ముత్యాల గది వైపు దారి చూపిస్తూ.